ముఖపత్రము - ముఖస్తుతి

పత్రికను చదువుటకు ముందు పాఠకుడు దానిని చూచును. చూచుట క్షణములో ముగియును. చదువుటకు గంటలు పట్టును. ఆ క్షణము చేజారినచో ఆ గంటలు దక్కవు. ఈ రహస్యము పత్రికలు నడపువారందరకు తెలియును. చదువరులలో మాత్రము పలువురకు తెలియదు. దుకాణములో నిలిచి, పది పత్రికలలోనుండి తమకు నచ్చినదానిని తామే ఎన్నుకొంటిమని వారు తలచెదరు. ఆ పత్రిక ఎన్నో నెలల ముందే తమను ఎన్నుకొన్నదనియు, తమ వయస్సును, తమ అభిరుచిని, తమ జేబులోని డబ్బును లెక్కగట్టి తన రూపును దిద్దుకొన్నదనియు వారికి తోచదు.

ఈ సంగతిని గ్రహించుటకు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇంగ్లండు, అమెరికా దేశములలో వర్ధిల్లిన సంగీత పత్రికలు చక్కని ఉదాహరణములు. సంగీతము చెవికి చెందినది. పత్రిక కంటికి చెందినది. రాగమునకు రంగు లేదు, తాళమునకు ఆకారము లేదు. ఐనను కాగితమును చూచినంతనే 'ఇందులో ఉన్నది నీవు వినెడి పాటయే' అని పాఠకునకు తెలియవలెను. వినబడుదానిని కనబడునట్లు చేయుట ఆ పత్రికలకు విధియైనది. అక్షరముల ఆకృతి, రంగుల పొందిక, కాగితపు నునుపు, ముఖచిత్రములోని చూపు - ఇవియే ఆ పనికి వాటి పనిముట్లు.

బ్రిటనులో 'మెలొడీ మేకర్' 1926లో, వాద్యములు వాయించువారి కొరకు వెలసినది. 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' 1952 మార్చి 7న ఆరంభమై, ఆ సంవత్సరమే నవంబరు 14న బ్రిటనులో రికార్డుల అమ్మకముల తొలి పట్టికను ప్రకటించినది. 1964 నాటికి దాని ప్రతులు వారమునకు మూడు లక్షలు దాటినవి. ఈ వారపత్రికలు వార్తాపత్రికల ముతక కాగితముపై అచ్చయ్యెడివి. చదువువాని వ్రేళ్లకు సిరా అంటుకొనెడిది. అందుచే వీటికి 'ఇంకీలు', అనగా సిరా పత్రికలు, అని ముద్దుపేరు వచ్చినది. నలుపు తెలుపు ఛాయాచిత్రములు, ఇరుకైన నిలువు వరుసలు, చిన్న అక్షరములు - చూపునకు అంత సొగసైనవి కావు. కాని ఆ సొగసులేమియే వాటి ఆకర్షణ. 'ఇది అలంకారము కాదు, వార్త. నిన్న జరిగినది, నేడు నీ చేతికి వచ్చినది' అని ఆ ముతక కాగితము చెప్పకయే చెప్పెడిది. వాదించుటకు సిద్ధముగా నున్న యువకుడు దానిని మడిచి చంకనబెట్టుకొని తిరుగుటలో కొంత గర్వము కలదు.

అమెరికాలో 1967 నవంబరు 9 తేదీతో సాన్‌ఫ్రాన్సిస్కోనుండి వెలువడిన 'రోలింగ్ స్టోన్' మరియొక ఉపాయమును పన్నినది. జాన్ వెన్నర్, రాల్ఫ్ గ్లీసన్ అనువారు దానిని స్థాపించిరి. పేరును తెలుపు అక్షరములను రిక్ గ్రిఫిన్ చిత్రించెను. అతడు ఆ నగరపు యువతరము గోడలపై అంటించుకొను వంకరటింకర అక్షరముల సంగీత ప్రకటనలకు ప్రసిద్ధుడు. తొలి ముఖచిత్రము సైనిక వేషములోనున్న జాన్ లెనన్‌ది. కాని పేరునకు దిగువన ఉన్న పుట మాత్రము గంభీరమైన వార్తాపత్రిక పుటవలె తీరుగా అమరినది. పేరులో చిలిపితనము, పుటలో పెద్దరికము. తమ సంగీతమును పెద్దలు అల్లరిగా తీసివేయుచున్న కాలములో, 'నీ పాట రాజకీయ వార్తతో సమానమైన గౌరవమునకు తగినది' అని ఆ పుట యువకునితో పలికినది. అట్టి గౌరవమును కోరని పదునెనిమిదేండ్లవాడు ఏ దేశములో నున్నాడు?

పుట స్వరూపము పాఠకుని బట్టియే కాని సంపాదకుని అభిరుచిని బట్టి మారదని తెలుపుటకు నిక్ లోగన్ చరిత్ర సాక్ష్యము. అతడు 1973 నుండి 1978 వరకు 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' సంపాదకుడు. 1978లోనే అతడు 'స్మాష్ హిట్స్' అను పత్రికను స్థాపించెను. సిరా అంటు కాగితము పోయి నిగనిగలాడు కాగితము వచ్చినది. నలుపు తెలుపు పోయి రంగులు వచ్చినవి. దీర్ఘ వాదములు పోయి జనప్రియ గీతముల సాహిత్యము పూర్తిగా అచ్చయినది. ఈ పత్రికను చదివి దాచుకొనుటకన్న, పాడుకొనుటకును, బొమ్మలను కత్తిరించి పడకగది గోడకు అంటించుకొనుటకును అనువుగా తీర్చిరి. దాని పాఠకులు బడి పిల్లలు. తెలుగునాట సినిమాహాళ్ల ముంగిట అమ్మిన పాటల పుస్తకములను ఎరిగినవారికి ఈ కిటుకు కొత్తది కాదు. పాట మాటలు చేతిలో నున్నచో శ్రోత గాయకుడగును.

అదే లోగన్ 1980లో 'ది ఫేస్' అను పత్రికను నెలకొల్పెను. ఇది సంగీతమును, వేషభాషలను కలిపి చూచు యువజనులకు ఉద్దేశింపబడినది. 1981 నుండి 1986 వరకు దాని కళాదర్శకుడైన నెవిల్ బ్రోడీ తానే కొత్త అక్షరములను గీసి, శీర్షికలను చదువుటకే కాక చూచుటకును తగిన బొమ్మలుగా మార్చెను. వాదించువానికి ఒకటి, పాడుకొనువారికి ఒకటి, అలంకరించుకొనువారికి ఒకటి - పత్రికాకర్త ఒక్కడే, ముఖములు మూడు.

1981 జూన్‌లో 'సౌండ్స్' అను వారపత్రికకు అనుబంధముగా పుట్టిన 'కెరాంగ్!' పేరులోనే తన మర్మమును దాచుకొనలేదు. ఎలక్ట్రిక్ గిటారు తీగెలను ఒక్క పెట్టున మీటినప్పుడు పుట్టు మ్రోతకు అది అనుకరణము. తెలుగు వ్యాకరణము నేర్చిన విద్యార్థి దీనిని ధ్వన్యనుకరణమని వెంటనే గుర్తించును. 'ఫెళఫెళ', 'ఘణఘణ' మొదలగు మాటల కోవకు చెందినది. పేరు చివర ఆశ్చర్యార్థకము. అక్షరములపై పగిలిన గాజునందువలె బీటలు. పుటలో ఖాళీ దొరకనంత కిక్కిరిసిన బొమ్మలు. హెవీ మెటల్ సంగీతపు రణగొణధ్వని కంటికి ఎట్లు కనబడవలెనో అట్లు కనబడినది. ఈ పుటను చూచి పెద్దలు చెవులు మూసికొందురు. ఆ విధముగా వారు మూసికొనుటయే కుర్రవానికి కావలసినది.

'క్యూ' పత్రిక 1986 అక్టోబరులో వెలువడినది. దానిని స్థాపించిన డేవిడ్ హెప్‌వర్త్, మార్క్ ఎలెన్‌లు ఇరువురును 'స్మాష్ హిట్స్'లో పనిచేసినవారే. రికార్డును కావలసిన చోటనుండి మ్రోగించుటకు సిద్ధపరచుటను తెలుపు ఆంగ్లపదమును వారు మొదట పేరుగా తలచిరి. కాని ఆ పదమునకే స్నూకర్ ఆటలో వాడు కర్ర అను అర్థమును కలదు. ఆటల పత్రిక అని జనులు భ్రమపడుదురని, అదే ఉచ్చారణ గల ఒంటి అక్షరమును గ్రహించిరి. ఎఱ్ఱని చదరములో తెల్లని అక్షరము ఒక్కటి - దుకాణములో పదడుగుల దూరమునుండి కనబడును. అది కాంపాక్టు డిస్కులు వ్యాపించుచున్న కాలము. యౌవనములో కొన్న రికార్డులను తిరిగి డిస్కులుగా కొనగల స్తోమత గల ముప్పదేండ్లవారు ఆ పత్రిక పాఠకులు. వారికి గోడకంటించు బొమ్మలు అక్కరలేదు; ఏది కొనదగినదో చెప్పు సలహా కావలెను. కావున ఆ పత్రికలో సమీక్షలకు పెద్దపీట వేసి, ఐదింట ఎన్ని నక్షత్రములని మార్కులు వేసిరి. 1993లో వచ్చిన 'మోజో' ఇంకను వెనుకటి తరమును చూచినది. బాబ్ డిలాన్, జాన్ లెనన్‌ల చిత్రముతో ఆరంభమైన ఆ పత్రికలో పాత ఛాయాచిత్రములు, సుదీర్ఘ చరిత్రలు నిండినవి. అది బీరువాలో దాచుకొను పత్రిక.

ఇట్లు ఒకటి మడిచి పట్టుకొనుటకు, ఒకటి కత్తిరించుటకు, ఒకటి దాచుకొనుటకు తయారైనవి. పాఠకుని కన్నునే కాదు, చేతిని కూడ ఊహించి పుటను తీర్చిరి. చిన్న విషయములందును ఈ లెక్క తప్పలేదు. దుకాణపు అరలలో పత్రికలను ఒకదానిపై ఒకటి కొంత కప్పునట్లు పేర్చినప్పుడు ఎడమ అంచు మాత్రమే కనబడును. కావున పేరును, ముఖ్యాంశమును ఆ వైపునకు జరుపుదురు. ముఖచిత్రములోని గాయకుడు సాధారణముగా సూటిగా కొనువాని కన్నులలోనికి చూచును. ఆ చూపు వేలమందికి ఒక్కటే. ఐనను ప్రతివాడును అది తన కొరకే అనుకొనును.

ఇందులో తప్పేమున్నదని ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. చిరునామా లేని ఉత్తరము ఎవరికిని చేరదు. చిన్న ఊరిలో తన అభిరుచిని పంచుకొనువారు లేక ఒంటరియైన బాలునకు, అంగడిలో ఒక ముఖపత్రము కనబడి 'నీవంటివారు ఇంకను కలరు' అని చెప్పినచో అది సామాన్యమైన మేలు కాదు. ఉపాధ్యాయుడు సైతము తరగతిని బట్టి పాఠము చెప్పును. కవి సైతము సహృదయుని తలచుకొని వ్రాయును. ఎదుటివానిని ఎరిగి పలుకుట మర్యాదయే.

కాని ఎదుటివానిని ఎరిగి పలుకుట వేరు. ఎదుటివానికి ఇంపైనదే పలుకుట వేరు. మొదటిది సంభాషణ, రెండవది ముఖస్తుతి. 1990ల దశకమున 'స్మాష్ హిట్స్', 'కెరాంగ్!', 'క్యూ', 'మోజో' - ఈ నాలుగును ఈమ్యాప్ అను ఒకే ప్రచురణ సంస్థవి. పరస్పరము వైరము గల 'మెలొడీ మేకర్', 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్'లు రెండును ఐ.పి.సి. అను మరియొక సంస్థవి. 'స్మాష్ హిట్స్' చదువు చెల్లెలిని చూచి 'కెరాంగ్!' చదువు అన్న నవ్వును. వారిద్దరిని చూచి 'మోజో' చదువు తండ్రి పెదవి విరుచును. ముగ్గురును తమ తమ స్వాతంత్ర్యమునకు మురియుదురు; ముగ్గురి డబ్బును ఒక్క పెట్టెలోనే పడును. ఎదిరింపు సైతము ఒక రంగుగా, ఒక అక్షరాకృతిగా అమ్ముడగునని తెలిసికొనని యువకుడు తన అభిరుచిని తానే నిర్మించుకొంటినని భ్రమపడును. పత్రికకు కావలసినది ఆ పాఠకుడు మాత్రమే కాదు. ఆ పాఠకుని ప్రకటనదారునకు చూపి స్థలమును అమ్ముట కూడ దాని జీవనోపాధి. ఎవరికొరకు వ్రాయుచున్నారో ఎంత కచ్చితముగా చెప్పగలిగిన, ఆ స్థలమునకు అంత గిరాకి.

పిలుపునకు మరియొక వైపును కలదు. ఒకరిని పేరుపెట్టి పిలిచినచో తక్కినవారిని పిలువనట్లే. 1980ల నడుమ 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' కార్యాలయములో, హిప్‌హాప్ సంగీతమునకు ముఖపత్రము నీయవలెనా, గిటారు బృందములకే ఈయవలెనా అని తీవ్ర వివాదము సాగినది. అది పైకి పుటల పంపకము. లోపల, పాఠకులనగా ఎవరు అను ప్రశ్న. ఆ దశకములోనే అమెరికాలో, తమకు తగిన పుట లేదని చింతించుచు కూర్చుండక, 1988లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒక రేడియో కార్యక్రమమునకు తోడుగా 'ది సోర్స్' అను చిన్న వార్తాలేఖను నడపిరి. హిప్‌హాప్ సంగీతమునకు అది అనతికాలములోనే ప్రధాన పత్రికయైనది.

ముఖస్తుతి శ్రుతిమించినచో ఏమగునో 'రే గన్' చూపినది. 1992లో కాలిఫోర్నియాలో ఆరంభమైన ఆ పత్రికకు రూపశిల్పి డేవిడ్ కార్సన్. వరుసలు ఒకదానిపై ఒకటి పడును, అక్షరములు తెగిపోవును. 1994లో బ్రయన్ ఫెర్రీ అను గాయకునితో జరిపిన సంభాషణము నీరసముగా నున్నదని, కార్సన్ దానిని అక్షరములలో గాక నక్షత్రములు, బాణములు మొదలగు గుర్తులు గల అచ్చులో కూర్చెను. చదువగల పాఠమును అదే సంచిక చివరి పుటలలో వేసిరి. ఇది సాహసమని కొందరు, అహంకారమని కొందరు అనిరి. 'చదువలేకున్నను నీకు అర్థమగును, ఏలయన నీవు మావాడవు' అని పాఠకుని భుజము తట్టుట ఇందులో కలదు. వ్రాసిన మాట పాఠకునకు చేరక, పుట అందము మాత్రమే చేరినచో ఆ పుట అద్దమగును గాని కిటికీ కాదు.

ఆ కాలము గడచినది. 'మెలొడీ మేకర్' 2000లో తన ప్రత్యర్థిలో లీనమైనది. 'స్మాష్ హిట్స్' 2006లో ఆగినది. 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' 2015లో ఉచిత పత్రికయై, 2018 మార్చితో ముద్రిత వారపత్రికగా ముగిసినది. 'క్యూ' 2020లో మూతపడినది. అవి చేసిన పనిని నేడు చేతిలోని ఫోను చేయుచున్నది. పాటలు వినిపించు యాప్‌లు శ్రోత విన్నవానిని లెక్కించి, ఒక్కొక్కరికి వేరువేరు జాబితాలను ముందుంచుచున్నవి. వెనుక లక్షమందికి ఒక ముఖపత్రము. ఇప్పుడు ఒక్కొక్కనికి ఒక ముఖపత్రము.

ఇందులో పోయినది కాగితము మాత్రమే యైన విచారింప పనిలేదు. పోయినది మరియొకటి కలదు. దుకాణపు అరలో 'కెరాంగ్!' కొరకు చేయిచాచిన బాలునకు, ఆ ప్రక్కనే తనను పిలువని పత్రికలును కనబడెడివి. తనది కాని సంగీతము, తనది కాని తరము, తనది కాని అభిరుచి లోకములో కలవని ఆ అర అతనికి నోరు విప్పకయే చెప్పెడిది. ఒకనాడు కుతూహలము పుట్టి ఆ ప్రక్క పత్రికను తెరచినచో అడ్డగించువారు లేరు. ఫోను తెరపై ఆ ప్రక్క పత్రిక కనబడుట అరుదు. ముఖస్తుతి మిగిలినది, పొరుగువాని ముఖము మరుగైనది.

కావున పుటను చదువుట విద్యలో భాగము కావలెను. ఇంగ్లండులో ఈ యత్నము జరిగినది. అచ్చట ఓ.సి.ఆర్. అను పరీక్షామండలి మీడియా అధ్యయనములో, విద్యార్థులు ముందుగా తమ కళాశాల పత్రికకు ముఖపత్రమును, పిదప ఒక కొత్త సంగీత పత్రికకు ముఖపత్రమును, విషయసూచికను, రెండు పుటల వ్యాసమును తామే తయారుచేయు అభ్యాసమును కొన్నేండ్లు నిర్దేశించినది. తరువాతి పాఠ్యప్రణాళికలో 'మోజో' పత్రికనే పరిశీలనాంశముగా ఉంచినది. తానే ఒక ముఖపత్రమును కూర్చిన విద్యార్థి, ఇతరులు కూర్చిన ముఖపత్రమునకు సులభముగా లొంగడు. గారడీ నేర్చినవానిని గారడీవాడు మోసగించుట కష్టము.

తెలుగునాట పాఠశాలలలో ఇందులకు ప్రత్యేక పాఠ్యపుస్తకము అక్కరలేదు, గోడపత్రిక చాలును. పద్యములోని అలంకారమును గుర్తింపనేర్పిన ఉపాధ్యాయునకు పుటలోని అలంకారమును గుర్తింపనేర్పుట భారము కాదు. ఏ పుటనైనను, ఏ తెరనైనను మూడు ప్రశ్నలు అడుగనేర్పవలెను. ఇది ఎవరిని పిలుచుచున్నది? ఎవరిని పిలువలేదు? పిలిచి, కొనుమని మాత్రమే అనుచున్నదా, లేక నీవును చేయుమని అనుచున్నదా?

మూడవ ప్రశ్నకు చరిత్రలో ఒక మంచి సమాధానము కలదు. 1976లో లండనులో మార్క్ పెర్రీ అను బ్యాంకు గుమాస్తా 'స్నిఫిన్ గ్లూ' అను చిన్న పత్రికను పంక్ సంగీతమును గూర్చి ఆరంభించెను. టైపు చేసిన కాగితములు, లావుపాటి కలముతో చేవ్రాత శీర్షికలు, కొట్టివేతలు అట్లే యుండగా తీసిన నకళ్లు - ఇదియే దాని సొగసు. తొలి సంచిక 50 ప్రతులు మాత్రమే; అనతికాలములో అవి వేలకు పెరిగినవి. దానికి ఖరీదైన కాగితము లేదు, కళాదర్శకుడు లేడు. కాని ఆ వంకరటింకర పుట పాఠకునితో, 'నీవు గొప్పవాడవు' అని పొగడలేదు. 'ఇది నీవును చేయగలవు' అని చెప్పినది. దానిని చూచి మరెందరో యువకులు తమ తమ ఊళ్లలో సొంత పత్రికలను కుట్టుకొనిరి. బడి గోడపై కుర్రవాడు వ్రేలాడదీసిన కాగితము ఆ వంశములోనిదే. ముఖస్తుతి చేయు ముఖపత్రము పాఠకుని కొనువానిగా నిలుపును. చేయిచ్చి పిలుచు ముఖపత్రము అతనిని వ్రాయువానిగా మార్చును. ఈ రెంటికి గల భేదమును గుర్తించిన విద్యార్థి ఏ తెర ముందు కూర్చున్నను తన కన్నును తన అధీనములోనే ఉంచుకొనును.